విశ్వవిద్యాలయములలో నవకల్పన – గ్రాంటులు కోరు విధానము

గోదావరి డెల్టాలో చదువుకొను ప్రతి విద్యార్థికి ధవళేశ్వరము ఆనకట్ట సంగతి తెలిసియే యుండును. కాని ఆ ఆనకట్ట రాళ్ళతోను, సున్నముతోను ప్రారంభము కాలేదు. కాగితముతో ప్రారంభమైనది. 1844 ఆగస్టులో ఒకటి, 1845 ఏప్రిల్‌లో మరియొకటి, ఆర్థర్ కాటన్ రెండు నివేదికలు వ్రాసి మద్రాసు ప్రభుత్వమునకు సమర్పించెను. ఈనాటి మాటలలో చెప్పవలెనన్నచో అవి ధనసహాయము కోరుచు పెట్టుకొన్న దరఖాస్తులే.

ఆ నివేదికలలోని వాదము ఏ క్రమమున నడచినదో గమనింపదగినది. మొదట చెప్పినది బాధ. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయినది. ప్రక్కనే నది నిండుగా పారుచుండగా జనము క్షామమునకు చచ్చుటయు, వలసపోవుటయు జరిగినది. తరువాత చెప్పినది దృష్టాంతము. ఇటువంటి డెల్టాయే తంజావూరిది. అక్కడ నీటిపారుదల ఉండుటచే దేశము పచ్చగా ఉన్నది. మూడవది సాధ్యాసాధ్యముల విచారణ. నదీగర్భమున రాతిపునాది లేక ఇసుకయే ఉన్నప్పుడు కట్టడము నిలుచునా? నిలుచునని కావేరిపై చోళులు కట్టిన కల్లణై అనేక శతాబ్దములుగా చూపుచున్నది. 1836లో కొల్లడముపై కాటన్ తానే కట్టి చూపెను. ఖర్చు, రాబడి అటు తరువాతనే వచ్చినవి.

1846 డిసెంబరులో లండనులోని డైరెక్టర్ల సభ అనుమతి నిచ్చినది. 1847లో పని మొదలై 1852లో పూర్తి అయినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలపై నాలుగు భాగములుగా కట్టడము సాగినది. కోరినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వము ఇయ్యలేదు. ఖర్చు మొదటి అంచనాను మించిపోయినది. కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్నవంటి స్థానికులు చేసిన సహాయము లేకున్నచో ఆ కాగితము కాగితముగానే ఉండిపోయెడిది. దరఖాస్తు ఎంత చక్కగా వ్రాసినను దానిని అమలుజరుపు మనుష్యులు ఎవరను ప్రశ్న అప్పుడును ఉన్నది, ఇప్పుడును ఉన్నది.

అదే డెల్టాలో ఇప్పుడు విశ్వవిద్యాలయము లున్నవి. రాజమహేంద్రవరమున 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము, వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము ఏర్పడినవి. కాకినాడలో 1946 నుండి ఉన్న ఇంజనీరింగు కళాశాల 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముగా రూపొందినది. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. ఇవి పట్టములిచ్చు సంస్థలుగా మాత్రమే ఉండక, తమ పరిశోధనలను ఊళ్ళలోనికి, అంగళ్ళలోనికి తీసికొనిపోవలెనని ప్రభుత్వములు కోరుచున్నవి. అందుకు గ్రాంటులు ఇచ్చుచున్నవి. ఆ గ్రాంటులు ఎటువంటివి, వానిని ఎట్లు కోరవలెను, కొన్ని దరఖాస్తులు ఎందుచేత తిరుగగొట్టబడును అనునవి ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలిసియుండుట మంచిది. ఏలయనగా ఈ మెట్లలో మొదటిది హైస్కూలులోనే ఉన్నది.

ప్రయోగశాలకు, పొలమునకు నడుమ గండి

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కొబ్బరిచెట్లపై క్రొత్తరకపు తెల్లదోమ ఒకటి కనబడినది. ఆకుల అడుగున చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు పెట్టుటవలన దానికి సర్పిలాకార తెల్లదోమ అను పేరు వచ్చినది. కొలదికాలములోనే అది గోదావరి జిల్లాలకు వచ్చి కొబ్బరి రైతును కలవరపెట్టినది. ఈ పురుగు విసర్జించు తీపిద్రవముపై బూజు పెరిగి ఆకులు మసిబారిపోవును. చెట్టు ఎత్తైనది, దోమ ఆకు అడుగున దాగునది, మందు కొట్టుట కష్టము, కొట్టినను దోమను తిను మిత్రకీటకములు కూడ చచ్చును. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానమువారు దీనికి జీవనియంత్రణ మార్గమును పట్టిరి. ఐసేరియా అను శిలీంధ్రము ఈ దోమకు రోగము కలిగించును. బెంగుళూరులోని జాతీయ సంస్థనుండి వచ్చిన ఆ శిలీంధ్రమును పెంచి తోటలలో ప్రయోగించిరి. దోమను తిను అల్లికరెక్కల పురుగులనుకూడ పెంచిరి.

ఇంతవరకు విజ్ఞానశాస్త్రపు పని. కాని కోనసీమలోని తోటలన్నిటికి సరిపడు శిలీంధ్రమును ఎవరు పెంచవలెను? శిలీంధ్రము ప్రాణము గలది. ఎండకు, వేడికి దాని శక్తి తగ్గిపోవును. దానిని ఏ పొడిలో కలిపినచో ఎక్కువకాలము నిలుచును, ఏ సంచిలో కట్టవలెను, పల్లెలోని దుకాణమువాడు దానిని ఎక్కడ పెట్టవలెను? ఈ ప్రశ్నలు పరిశోధకుని వ్యాసములో రావు. అవి తేలనిదే రైతుకు మందు అందదు. పరిశోధనకు నిధులిచ్చువారు ఇది వ్యాపారమందురు. బ్యాంకువారు ఇది ఇంకను పరిశోధనయే అందురు. రెండు గట్లమధ్య గండి పడినట్లు ఇక్కడ అనేక మంచి ఆలోచనలు కొట్టుకొనిపోవును.

ఒక ఆలోచన ఈ గండికి ఏ ప్రక్కన ఉన్నదో చెప్పుటకు అమెరికాలోని నాసా సంస్థవారు కల్పించిన కొలబద్ద ఒకటి కలదు. అందులో తొమ్మిది మెట్లు. మొదటి మూడు మెట్లలో సూత్రము తెలియుట, అది పనిచేయునని చిన్నప్రయోగమున చూపుట. నాలుగునుండి ఆరువరకు నమూనా తయారుచేసి, మొదట ప్రయోగశాలలోను, పిదప వాస్తవ పరిస్థితులను పోలిన చోటను పరీక్షించుట. ఏడునుండి తొమ్మిదివరకు నిజమైన వాడుక. గ్రాంటు ప్రకటనలలో “మీ సాంకేతిక విధానము ఏ మెట్టుపై ఉన్నది?” అను ప్రశ్న తరచుగా ఉండును. మూడవ మెట్టుపై ఉన్నదానిని ఏడవ మెట్టని వ్రాసినచో నిపుణులు ఒక్క చూపులో పసిగట్టుదురు.

ఈ మెట్ల ప్రసంగమున భీమవరమును తలచుకొనక తప్పదు. 1895లో అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారి సహాయముతోను, మామగారి సహాయముతోను అమెరికాకు వెళ్ళెను. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరెను. విశ్వవిద్యాలయపు బల్లపై ఉన్న జీవరసాయనశాస్త్రము అక్కడ మందు రూపము దాల్చినది. ఆయన నాయకత్వమున ఆ సంస్థలో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్ బోదకాలు వ్యాధికి మందు. బోదకాలు గోదావరి డెల్టాను తరతరములుగా పీడించిన వ్యాధియే. కాకినాడలోని ధర్మనిధి ఇచ్చిన సొమ్ము బోస్టను, న్యూయార్కుల మీదుగా తిరిగి డెల్టా పల్లెలలో మాత్రగా చేరినది. అంత దూరము తిరుగకుండ ఆ ప్రయాణమంతయు ఇక్కడనే జరుగునట్లు చేయుట నేటి గ్రాంటుల ఉద్దేశము.

నిధి ఏ కాలువన వచ్చును

గ్రాంటు అనగా తిరిగి చెల్లింపనక్కర లేని ధనము. కాని లెక్క చెప్పనక్కర లేని ధనము కాదు. అప్పుకు వడ్డీ ఉండును. వాటాధనమునకు యాజమాన్యములో భాగము పోవును. గ్రాంటుకు మాత్రము చేసెదనన్న పనిని చేసి చూపవలెను.

ఆనకట్టవద్ద ఆగిన నీరు నేరుగా చేనిలోనికి రాదు. ప్రధాన కాలువ, పిల్లకాలువ, పంటబోదె దాటి రావలెను. గ్రాంటుల పద్ధతియు అట్టిదే. కేంద్రప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగము తన ‘నిధి’ పథకము క్రింద సొమ్మును ముందు ఇన్‌క్యుబేటరు అను కేంద్రములకు ఇచ్చును. వానినుండియే అది ఆలోచన గల విద్యార్థికి గాని, యువకునికి గాని చేరును. కోళ్ళఫారములలో గ్రుడ్లు పొదిగించు పెట్టెకు ఏ పేరో దీనికిని అదే పేరు. పనియు ఇంచుమించు అదే. పిల్ల బయటకు వచ్చి నడువగలుగువరకు వెచ్చదనము, రక్షణ ఇచ్చుట. ‘నిధి’లోని ప్రయాస్ అను భాగము నమూనా తయారీకి 10 లక్షల రూపాయలవరకు ఇచ్చుటకు ఏర్పడినది. 2012లో ఏర్పడిన బైరాక్ అను సంస్థ జీవసాంకేతిక రంగములో 18 నెలల కాలమునకు 50 లక్షలవరకు ఇచ్చు పథకమును నడపినది. 2021లో 945 కోట్ల రూపాయలతో ప్రారంభించిన స్టార్టప్ ఇండియా బీజనిధిలో, ఆలోచన సాధ్యమని నిరూపించుటకు 20 లక్షలవరకు గ్రాంటుగాను, విపణికి తెచ్చుటకు 50 లక్షలవరకు అప్పు మొదలగు రూపములలోను ఇచ్చు ఏర్పాటు చేసిరి. 2016లో మొదలైన అటల్ నవకల్పన కార్యక్రమము ఇన్‌క్యుబేటరు స్థాపనకు అయిదేండ్లలో 10 కోట్లవరకు ఇచ్చుటకు పూనుకొన్నది. ఈ పరిమితులు ఎప్పటికప్పుడు మారుచుండును కావున దరఖాస్తు పెట్టు సంవత్సరపు ప్రకటననే ప్రమాణముగా గ్రహింపవలెను.

ఇన్‌క్యుబేటరు కోరు విశ్వవిద్యాలయములు తరచుగా చిక్కుపడునది ఒకచోట కలదు. ఇటువంటి కేంద్రము విశ్వవిద్యాలయపు శాఖగా గాక, వేరొక చట్టబద్ధ సంస్థగా ఉండవలెనని ఈ పథకములు సాధారణముగా కోరును. 2013 కంపెనీల చట్టము 8వ సెక్షను క్రింద లాభాపేక్ష లేని కంపెనీగా గాని, సొసైటీగా గాని దానిని రిజిస్టరు చేయవలెను. కారణము సులభమే. విశ్వవిద్యాలయము ప్రతి నిర్ణయమును పాలకమండలి ముందు పెట్టవలసి యుండును, నెలలు గడచును. చిన్న పరిశ్రమకు అంత ఓపిక ఉండదు. ప్రకటన వెలువడిన పిదప ఈ రిజిస్ట్రేషనుకై పరుగెత్తువారికి గడువు చాలదు. గడువు దాటిన దరఖాస్తులో ఎంత గొప్ప విషయమున్నను ఎవరును చదువరు.

ఈ జిల్లాలకు చేరువగా 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా నవకల్పన కేంద్రము ప్రారంభమైనది. దాని ప్రాంతీయ శాఖలు ఏర్పడిన నగరములలో రాజమహేంద్రవరము ఒకటి.

కొబ్బరిపొట్టు – ఒక ఉదాహరణ

దరఖాస్తు సారమును ఒక కల్పిత ఉదాహరణముతో చూడవచ్చును. కోనసీమలో కొబ్బరి డొక్కలనుండి పీచు తీయగా పొట్టు మిగులును. దానిలో లిగ్నిన్ అను పదార్థము హెచ్చుగా ఉండుటచే అది త్వరగా కుళ్ళదు. రోడ్లప్రక్క గుట్టలుగా పడియుండును. మరొక ప్రక్క అది తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి యుంచగలదు. అందుచేత కడియము నర్సరీలవంటి చోట్ల మొక్కలకు మట్టికి బదులు వాడుటకు పనికివచ్చును. చిక్కు ఎక్కడ నన్నచో, అందులో సోడియము, పొటాసియము లవణములు ఉండును. ఉప్పు తగులు నీటిలో నానబెట్టిన డొక్కలైనచో మరింత హెచ్చు. లేతమొక్క వేరు దీనిని ఓర్చుకొనలేదు. కావున పొట్టును కడుగవలెను. కడుగుటకు మంచినీరు చాల కావలెను. కడిగిన ఉప్పునీరు ఎక్కడికైనను పోవలెను.

ఒక కళాశాల విద్యార్థులు దీనిపై గ్రాంటు కోరిరనుకొందము. “కొబ్బరిపొట్టుతో విలువైన వస్తువులు తయారుచేసి, నిరుద్యోగమును తొలగించి, పర్యావరణమును కాపాడెదము” అని వ్రాసినచో అది మంచి కోరికయే గాని, పరిశీలకునికి పట్టు దొరకదు. దేనిని కొలిచి వీరు గెలిచిరని చెప్పవలెను?

మరొక విధముగా వ్రాయవచ్చును. తడిసిన పొట్టులో ఒక పాలు ఉప్పునీరు ఎప్పుడును నిలిచియుండు ననుకొందము. దానికి మూడు పాళ్ళు మంచినీరు కలిపి, కలియబెట్టి, వార్చినచో నాలుగింట మూడు వంతుల ఉప్పు పోయి నాలుగవ వంతు మిగులును. మరల మూడు పాళ్ళతో కడిగినచో పదునారవ వంతు, మూడవసారి కడిగినచో అరువదినాల్గవ వంతు మిగులును. మొత్తము ఖర్చైన నీరు తొమ్మిది పాళ్ళు. అదే ఫలితము ఒకేసారి కడిగి తేవలెనన్నచో అరువదిమూడు పాళ్ళ నీరు కావలెను. కొంచెము కొంచెముగా పలుమారులు కడుగుటయే మేలని ఇంట బియ్యము కడుగువారికిని తెలియును.

ఇప్పుడు మూడు తొట్టెలు వరుసగా పెట్టి, పొట్టును మొదటి తొట్టెనుండి మూడవదానికి, నీటిని మూడవదానినుండి మొదటిదానికి, ఎదురెదురుగా నడుపుదము. మంచినీరు మూడు పాళ్ళు మాత్రమే. అది మూడవ తొట్టెలో ఇంచుమించు శుభ్రమైన పొట్టును కడిగి, రెండవదానిలోనికి, అటనుండి మొదటిదానిలోనికి పోవును. ఈ ఏర్పాటు కొంతసేపు నడచి స్థిరపడిన పిదప మూడవ తొట్టెలోని ఉప్పదనమును 1 అనుకొన్నచో, రెండవ తొట్టెలో 4, మొదటి తొట్టెలో 13, లోనికి వచ్చు పొట్టులో 40 అగును. సరిచూచుకొనవచ్చును. లోనికి వచ్చిన ఉప్పు 40. బయటకు పోవు మూడు పాళ్ళ నీటిలో 13 చొప్పున 39. పొట్టుతో పోవునది 1. మొత్తము 40. అనగా మూడు పాళ్ళ నీటితోనే ఉప్పు నలుబదియవ వంతుకు దిగినది. ఒకేసారి కడిగి అంత దించుటకు ముప్పదితొమ్మిది పాళ్ళు కావలెను. ప్రతి తొట్టెకును ఇదే విధముగా రాబడి పోబడులు సరిపోవునని విద్యార్థులు స్వయముగా లెక్కగట్టుట మంచి అభ్యాసము.

ఈ లెక్కతో దరఖాస్తు స్వరూపమే మారిపోవును. “పొట్టు ఉప్పదనమును విద్యుద్వాహకత మాపకముతో కొలిచి, నిర్ణీత హద్దుకు లోపుగా దింపెదము, అందుకు ఇప్పుడు వాడు నీటిలో సగముకంటె తక్కువ వాడెదము, పన్నెండు నెలలలో ఒక నర్సరీలో నారు పెంచి చూపెదము” అని వ్రాయవచ్చును. ఇందు ప్రతిమాటను కొలువవచ్చును; ఓడినచో ఓడినట్లు తెలియును. ఓడుటకు అవకాశము లేని దరఖాస్తులో చెప్పినది ఏమియు ఉండదు.

అయినను నేర్పరియైన పరిశీలకుడు ఇంతటితో విడువడు. ఈ ఎదురు ప్రవాహపు పద్ధతి క్రొత్తదా అని అడుగును. కాదు. చక్కెర ఫ్యాక్టరీలలో చెరకుపిప్పిపై నీరు చల్లి, చివరి మిల్లు రసమును ముందరి మిల్లుకు త్రిప్పుట ఇదే సూత్రము. తణుకు ప్రాంతపు విద్యార్థి దానిని చూచియే యుండవచ్చును. దీనిని తామే కనిపెట్టినట్లు వ్రాయుటకంటె, చక్కెర పరిశ్రమనుండి తెచ్చుకొన్నామని వ్రాయుట నిజాయితీ. పైగా అది పనిచేయునను నమ్మకమునుకూడ కలిగించును. రెండవ ప్రశ్న ఇంకను కఠినమైనది. పొట్టు కణముల అంచులకు సోడియము, పొటాసియము అయానులు అంటుకొని యుండును. ఉత్తనీరు నీటిలో కరిగియున్న ఉప్పును తీయగలదు గాని వీనిని ఊడదీయలేదు. తరువాత ఎరువు వేసినప్పుడు కాల్షియము, మెగ్నీషియములు పొట్టుకు అంటుకొని సోడియము బయటకు వచ్చును. మొక్కకు కాల్షియము కొరత కనబడును. దీనికి కాల్షియము నైట్రేటు ద్రావణములో నానబెట్టుట విరుగుడు. పై లెక్కలో ఈ భాగము చేరలేదు. చేరలేదని దరఖాస్తుదారు తానే ముందుగా చెప్పి, ఆ రసాయనమునకును, బయటకు పోవు చిక్కని ఉప్పునీటికిని చేయదలచిన ఏర్పాటును చూపవలెను. ఆ నీటిని కాలువలోనికి వదలెదమన్నచో గ్రాంటు రాకపోవుటయే న్యాయము.

బడ్జెటు వ్రాయుటయు ఈ ప్రశ్నలనుండియే పుట్టవలెను. తొట్టెలకు ఇంత, మాపకమునకు ఇంత, రసాయనములకు ఇంత, పరీక్షలకు ఇంత, పనిచేయువాని జీతమునకు ఇంత. పనితో సంబంధములేని కంప్యూటర్లు, కుర్చీలు ఎక్కువైన బడ్జెటును చూడగానే ఉద్దేశము బయటపడును. మరియొక సంగతి. దరఖాస్తు వ్రాయుటకు ముందు పదిమంది నర్సరీవారితో మాటలాడినట్లు అందులో కనబడవలెను. వారు ఇప్పుడు పొట్టు బస్తాకు ఎంత యిచ్చుచున్నారు, కడిగినదానికి ఎంత హెచ్చు ఇయ్యగలరు? ఈ రెండు అంకెలు లేనిచోట వ్యవస్థాపకత అనుమాట అలంకారమే.

పేటెంటు – తొందరపడి చెప్పుకొనుటవలని నష్టము

భారతీయ పేటెంటు చట్టము 1970 నాటిది. దాని ప్రకారము పేటెంటుకు కోరు విషయము క్రొత్తది కావలెను. లోకమునకు తెలిసిపోయినది క్రొత్తది కాదు, తెలిపినవాడు కనిపెట్టినవాడే అయినను సరే. ఒక విద్యార్థి తన యంత్రము లోపలి గుట్టునంతయు ప్రదర్శనలో వివరించి, పత్రికలో బొమ్మతో ప్రకటించి, ఆరునెలల పిమ్మట పేటెంటుకు వెళ్ళినచో తన ప్రకటనయే తనకు అడ్డగును. పండిత పరిషత్తులో చదివిన వ్యాసమునకును, ప్రదర్శనలకును చట్టములో పన్నెండు నెలల మినహాయింపు కలదు గాని, ప్రదర్శన అన్నప్పుడు కేంద్రప్రభుత్వము గెజెట్టులో పేర్కొన్నదై యుండవలెను. జిల్లా విజ్ఞాన ప్రదర్శనలన్నిటికి అది వర్తించునని భ్రమపడరాదు.

దీనికి మార్గము తాత్కాలిక వివరణ పత్రము. పని పూర్తికాకపోయినను దానిని దాఖలుచేసి తేదీని కాపాడుకొని, పన్నెండు నెలలలోపల పూర్తి వివరణను సమర్పింపవచ్చును. 2021లో నియమములను సవరించి విద్యాసంస్థలకు పేటెంటు రుసుములలో 80 శాతము తగ్గింపు ఇచ్చిరి. ప్రజాధనముతో విశ్వవిద్యాలయములో పుట్టిన పేటెంటు ఎవరిదను ప్రశ్న ఒకటి మిగులును. అమెరికాలో 1980 నాటి చట్టము దానిని విశ్వవిద్యాలయములకు ఒప్పగించినది. మనదేశమున 2008లో ఇందుకై రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాకయే ఉపసంహరింపబడినది. కావున ప్రతి విశ్వవిద్యాలయమును తన నియమావళిని తాను వ్రాసికొనవలసి వచ్చినది. విద్యార్థికి ఎంత వాటా, గురువుకు ఎంత, సంస్థకు ఎంత అనునది పని మొదలుపెట్టుటకు ముందే కాగితముపై ఉండవలెను. డబ్బు వచ్చిన తరువాత వ్రాసికొను ఒడంబడిక స్నేహమును చెడగొట్టును.

లెక్కలు

గ్రాంటు మంజూరైనదన్న వార్త పత్రికలలో పడును. దాని లెక్క ముగిసినదన్న వార్త ఎన్నడును పడదు. కాని అసలు పరీక్ష అక్కడ ఉన్నది. సొమ్ము ఒకేసారి రాదు. డెల్టా కాలువలపై లాకులవద్ద పడవ ఆగి, నీటిమట్టము సరిపడిన పిదప తలుపు తెరచుకొన్నట్లు, మొదటి విడత పని చూపిన తరువాతనే రెండవ విడత విడుదలగును. ప్రతి విడతకు వినియోగ ధ్రువపత్రము పంపవలెను. 2017 సాధారణ ఆర్థిక నియమములలో దీనికి 12-ఎ అను ఫారము కలదు. పరికరములకు ఇచ్చిన సొమ్ము జీతములకు వాడరాదు. బ్యాంకులో ఉండగా వచ్చిన వడ్డీ కూడ ప్రభుత్వమునకు చెందును. కొన్న పరికరములను ఆస్తుల పట్టికలో ఎక్కింపవలెను. ధ్రువపత్రము ఆలస్యమైనచో తరువాతి విడత ఆగిపోవును. అప్పుడు నష్టపడునది గుమాస్తా కాదు, నెలజీతముపై చేరిన యువ పరిశోధకుడు. మంచి ప్రయోగము చేసిన ఆచార్యులు లెక్కల దగ్గర చులకనగా ఉండుట సామాన్యముగా కనబడు లోపము. దరఖాస్తు వ్రాయునప్పుడే లెక్కలు చూచు ఉద్యోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నచో సగము చిక్కులు పుట్టనే పుట్టవు.

హైస్కూలులో

పాఠశాలలకు రెండు తలుపులు తెరచియున్నవి. మొదటిది అటల్ టింకరింగు ప్రయోగశాల. 6 నుండి 12వ తరగతి విద్యార్థులు చేతులతో పనిచేసి నేర్చుకొనుటకు దీనిని ఏర్పరచిరి. 20 లక్షల రూపాయలవరకు ఇచ్చునట్లు ఈ పథకమును రూపొందించిరి; అందులో సగము స్థాపనకు, సగము కొన్ని సంవత్సరముల నిర్వహణకు. 2025 కేంద్ర బడ్జెటులో అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో ఇటువంటివి 50 వేలు ఏర్పరచెదమని ప్రకటించిరి. గది, విద్యుత్తు, బాధ్యత వహించు ఉపాధ్యాయుడు అను మూడింటిలో మొదటి రెండు సులభముగానే దొరకును. కొన్న త్రిమితీయ ముద్రణయంత్రమునకు దుమ్ముగుడ్డ కప్పి తాళము వేసియుంచిన ప్రయోగశాల గ్రాంటు లెక్కలో విజయమే గాని విద్యార్థికి నిరుపయోగము.

రెండవది ఇన్‌స్పైర్ – మానక్ పథకము. ప్రతి పాఠశాలయు విద్యార్థుల ఆలోచనలలో మేలైన వానిని ఎన్నిక చేసి పంపవచ్చును. ఎన్నికైన విద్యార్థికి నమూనా చేసికొనుటకు 10 వేల రూపాయలు వచ్చును. పిదప జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల ప్రదర్శనలు ఉండును. ఇది చిన్న మొత్తమే. కాని దీనికి వ్రాయు ఒక పుటలో పెద్ద దరఖాస్తులోని ప్రశ్నలన్నియు ఉన్నవి. బాధ ఎవరిది, ఇప్పుడు వారేమి చేయుచున్నారు, క్రొత్తగా చేయదలచినది ఏది, అది పనిచేసినదని దేనిని కొలిచి చెప్పవలెను?

అమలాపురము ప్రాంతపు విద్యార్థి పొట్టు సంగతి తీసికొన్నాడనుకొందము. మూడు బక్కెట్లు, కొలతపాత్ర, చిన్న విద్యుద్వాహకత మాపకము ఆ 10 వేలలో చాలవరకు సమకూడును. ఒకేసారి కడిగిన పొట్టును, మూడుసార్లు కడిగినదానిని, ఎదురెదురుగా నడిపినదానిని వేరువేరుగా ఉంచి, ప్రతిదానిలో ఇరువది బంతి విత్తనములు నాటి, మొలచినవానిని లెక్కింపవలెను. కడుగని పొట్టులో ఇరువది గింజలు నాటుట మాత్రము మరువరాదు. పోల్చిచూచుటకు అది లేనిచో మిగిలిన మూడును దేనికంటె మేలో చెప్పుట సాధ్యము కాదు. ఆ నాలుగు కుండీల పట్టికను భద్రపరచుకొన్న విద్యార్థి అయిదేండ్ల తరువాత కాకినాడలోనో, వెంకటరామన్నగూడెములోనో 10 లక్షల గ్రాంటుకు వ్రాయునప్పుడు “ముందు చేసిన పని” అను గడిని ఖాళీగా విడువనక్కర లేదు.